దిగే చోటు లేని కొండ ప్రాంతంలో మల్టీకాప్టర్‌తో చిన్న విమానాన్ని ఎగరేసి, మళ్లీ గాలిలోనే పట్టుకోవడం సాధ్యమేనా?

జయపురం సర్వేదారు

సభ్యులందరికీ నమస్కారం. కొరాపుట్ జిల్లాలో కాఫీ తోటలకు, పోడు భూములకు పటాలు తయారుచేసే పనిలో ఉన్నాను. మా దగ్గర మూడు కిలోల బరువు, 1.8 మీటర్ల రెక్కల నిడివి గల ఫోమ్ విమానం ఒకటి ఉంది. దాన్ని గాలికి ఎదురుగా నిలబడి చేత్తో విసిరితే చక్కగా పైకి లేస్తుంది. దించడానికి మాత్రం చోటు దొరకదు. ఒకవైపు వాలు, మరోవైపు సిల్వర్ ఓక్ చెట్లు, కింద లోయలో మెట్లు మెట్లుగా వరి మళ్లు ఉంటాయి. పొట్టమీద దిగిన ప్రతిసారీ ముక్కు భాగమో, కెమెరా అడుగున ఉన్న పలకో దెబ్బతింటుంది. వానాకాలంలో మళ్లలో నీరు నిలిచి ఉంటుంది కనుక ఆ దారి కూడా మూసుకుపోతుంది.

నిలువుగా లేచే మోటార్లు రెక్కలకే బిగించిన క్వాడ్‌ప్లేన్ కొనమని చాలామంది చెప్పారు. కానీ ఆ నాలుగు మోటార్లూ లేచేటప్పుడు కాసేపు, దిగేటప్పుడు కాసేపు తప్ప మిగతా ప్రయాణమంతా మోతబరువే కదా అన్నది నా సందేహం. ఆ మోటార్లను వేరే మల్టీకాప్టర్‌కు (పలు రోటర్లతో నిలువుగా లేచే డ్రోన్‌కు) అప్పగించి, అది విమానాన్ని పైకి మోసుకెళ్లి వదిలేసి, పని ముగిశాక మళ్లీ గాలిలోనే అందుకొని కిందికి తెస్తే ఎలా ఉంటుంది? ఇది ఎవరైనా చేశారా, చేస్తే చిక్కు ఎక్కడ వచ్చింది అన్నది తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

సునాబెడ విశ్రాంత ఉద్యోగి

మీ ఆలోచన కొత్తది కాదు, అసాధ్యమూ కాదు. అయితే వదలడం, పట్టుకోవడం అనే రెండు పనులను ఒకే గాటన కట్టకూడదని మొదటే చెప్పదలచుకున్నాను, ఎందుకంటే చరిత్రలో ఈ రెండింటి గతి పూర్తిగా వేరువేరుగా ఉంది.

వదలడం మన దేశంలోనే జరిగింది. ఇస్రో రూపొందించిన, మళ్లీ మళ్లీ వాడుకోదగ్గ అంతరిక్ష వాహనపు రెక్కల నమూనాను భారత వాయుసేన చినూక్ హెలికాప్టర్ కింద వేలాడదీసి, కర్ణాటకలోని చిత్రదుర్గ పరీక్షా క్షేత్రం మీద నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలారు. అది తనంతట తాను దారి సరిచేసుకొని రన్‌వే మీద దిగింది. మొదటి ప్రయోగం 2023 ఏప్రిల్ 2న, రెండోది 2024 మార్చి 22న, మూడోది అదే ఏడాది జూన్ 23న జరిగాయి. మూడోసారి వాహనాన్ని రన్‌వే గీతకు 500 మీటర్లు పక్కగా, కావాలనే తప్పుదారిలో వదిలినా అది తిరిగి గీతలోకి వచ్చి గంటకు 320 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలను తాకింది. అమెరికాలో ఎక్స్-40ఎ అనే అంతరిక్ష విమానపు నమూనాను 1998లో బ్లాక్‌హాక్ హెలికాప్టర్ నుంచి, 2001లో చినూక్ నుంచి ఇదే విధంగా వదిలారు. డ్రీమ్ చేజర్ అనే మరో అంతరిక్ష విమానపు నమూనాను 2013 అక్టోబరు 26న స్కైక్రేన్ హెలికాప్టర్ నుంచి వదిలినప్పుడు గాలిలో అంతా సవ్యంగా సాగి, చివర ఎడమ చక్రం తెరుచుకోక రన్‌వే పక్కకు జారిపోయింది. వదలడంలో మాత్రం లోపం లేదు.

పట్టుకోవడం దగ్గరికి వస్తే కథ మారుతుంది. వియత్నాం యుద్ధకాలంలో ర్యాన్ సంస్థ తయారుచేసిన జెట్ డ్రోన్లను డీసీ-130 విమానాల రెక్కల కింద నుంచి వదిలేవారు. పని ముగిశాక అవి పారాచూట్ విప్పుకుంటే సీహెచ్-3 హెలికాప్టర్లు ఆ పారాచూట్‌ను కొక్కేలతో అందుకొని డ్రోన్‌ను నేలకు తెచ్చేవి. గమనించండి, అక్కడ పట్టుకున్నది ఎగురుతున్న విమానాన్ని కాదు, పారాచూట్‌తో నిదానంగా దిగుతున్న బరువును. అలాంటి బరువును పట్టుకోవడం కూడా తేలిక కాదనడానికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 మే 2న రాకెట్ ల్యాబ్ సంస్థ ఎలక్ట్రాన్ రాకెట్ మొదటి దశను ఎస్-92 హెలికాప్టర్‌తో పట్టుకుంది. కానీ తాడు మీద బరువు పడిన తీరు ముందటి పరీక్షల్లో చూసినట్టు లేకపోవడంతో పైలట్ వెంటనే దాన్ని సముద్రంలోకి వదిలేశాడు.

మీరు అడిగిన పద్ధతికి అచ్చంగా సరిపోయేది ఇన్సిటు సంస్థ 2015లో చేసి చూపిన ప్రయోగం. వాళ్ల స్కాన్‌ఈగిల్ విమానం రెక్కల నిడివి 3.1 మీటర్లు, బరువు 20 కిలోల పైమాటే. మామూలుగా దాన్ని ఒత్తిడి గాలితో పనిచేసే వాలుబల్ల మీంచి విసిరి, క్రేన్ లాంటి దూలానికి నిలువుగా కట్టిన తాడుకు రెక్క కొస కొక్కెం తగిలేలా ఎగిరించి ఆపుతారు. ఆ వాలుబల్ల, దూలం రెండూ లేకుండా ఒక పెద్ద క్వాడ్‌కాప్టర్ దాన్ని పైకి మోసి వదిలింది, మళ్లీ తాడును గాలిలో పట్టుకొని నిలబడి దాన్ని అందుకుంది.

రాయగడ డ్రోన్ పైలట్

పెద్దలు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ జయపురం అన్నగారికి ఉన్న అవసరానికి క్వాడ్‌ప్లేనే సరైనదని నా గట్టి నమ్మకం. మూడు కిలోల విమానాన్ని పైకి మోయడానికి పది కిలోల మల్టీకాప్టర్, దానికి వేరే బ్యాటరీలు, ఇద్దరు పైలట్లు, జీపులో ఇంకొంత చోటు కావాలి. ఒకటి చెడితే రెండోది కూడా పనికిరాదు. క్వాడ్‌ప్లేన్ అయితే పెట్టె తెరిచి, రెక్కలు బిగించి, ఒక్కరే ఎగరేసి దించుకోవచ్చు. ఎంత మోతబరువైనా గంటసేపు ఎగిరితే మీ తోటల పటానికి సరిపోదా?

బరంపురం ఎంటెక్ విద్యార్థిని

ఇద్దరి మాటనూ ఒక లెక్కతో పోల్చి చూద్దామనిపించింది. ఐదు కిలోల క్వాడ్‌ప్లేన్‌కు 40 సెంటీమీటర్ల ప్రొపెల్లర్లు నాలుగు ఉన్నాయనుకోండి. గాలిలో నిలవడానికి సిద్ధాంతరీత్యా 310 వాట్ల దాకా, మోటార్ల నష్టాలు కలిపితే 500 వాట్లకు పైగా కావాలి. అదే విమానం రెక్కల మీద సెకనుకు 16 మీటర్ల వేగంతో ముందుకు సాగడానికి 130 వాట్ల ప్రాంతంలో చాలు. అంటే నిలువుగా ఎగిరిన ఒక్కో నిమిషం, ముందుకు సాగే ప్రయాణంలో నాలుగు నిమిషాలను తినేస్తుంది. దీనికి తోడు నిలువు మోటార్లు, వాటి కడ్డీలు, తీగలు కలిపి కిలో బరువు ఉంటే, ఆ కిలోకు బదులు బ్యాటరీ పెట్టుకునే అవకాశం పోతుంది. కనుక ఎగరాల్సిన సమయం తక్కువైతే రాయగడ వారి మాట, మూడు నాలుగు గంటలైతే జయపురం వారి మాట నెగ్గుతాయి. మధ్యలో ఎక్కడ గీత గీయాలన్నది మోసే బరువును బట్టి ఉంటుంది.

ఇక వదలడం గురించి. మల్టీకాప్టర్ ఒకచోట నిలిచి ఉండగా విమానాన్ని వదిలితే, అది ముక్కు కిందికి వంచి దూకి వేగం పుంజుకోవాలి. సెకనుకు 15 మీటర్ల వేగం రావడానికే కనీసం పదకొండున్నర మీటర్లు పడాలి. ఆ తరువాత దూకుడు నుంచి సమంగా రావడానికి ఇంకో పదిహేను, ఇరవై మీటర్లు పోతాయి. ముప్పై నలభై మీటర్లు చేతిలో ఉంచుకుంటే భయం లేదు. మల్టీకాప్టర్ గాలికి ఎదురుగా సెకనుకు 12 మీటర్ల వేగంతో వెళ్తుండగా వదిలితే ఎత్తు నష్టం కొద్ది మీటర్లకు తగ్గిపోతుంది. అయితే అంత వేగంతో వెళ్లేటప్పుడు మల్టీకాప్టర్ బాగా ముందుకు వంగుతుంది. విమానాన్ని దానికి గట్టిగా బిగిస్తే అది కూడా ముక్కు కిందికి పెట్టి వేలాడుతుంది కనుక, బిగింపులోనే ఎదురు కోణం ఇవ్వాలి. రోటర్ల నుంచి దిగే గాలి నేరుగా రెక్కల మీద పడని చోట కట్టడం కూడా అంతే ముఖ్యం.

పర్లాకిమిడి మెకానిక్

అమ్మా, లెక్క బాగుంది. నేను చేతిపని మనిషిని కాబట్టి వదిలే కొక్కెం గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని చిన్న విషయంగా చూస్తారు.

సాధారణంగా చేసేదేమిటంటే, ఒక తాడు ఉచ్చులోంచి సన్నని ఉక్కు పిన్ను దూర్చి, ఆ పిన్నును సర్వో అనే చిన్న మోటారుతో వెనక్కి లాగుతారు. బల్ల మీద ఇది నూటికి నూరుసార్లు పనిచేస్తుంది. గాలిలో విమానం ఊగినప్పుడు మూడు కిలోల బరువు కాస్తా ఆరేడు కిలోల లాగుడు అవుతుంది. ఆ లాగుడు పక్కనుంచి పడితే పిన్ను రంధ్రపు అంచుకు ఒరుసుకొని బిగుసుకుంటుంది, సర్వో మూలుగుతుంది తప్ప పిన్ను కదలదు. దీనికి మందు సర్వోను పెద్దది చేయడం కాదు, పిన్ను మీద పూర్తి బరువు పడకుండా చేయడం. పారాచూట్ దూకేవాళ్లు వాడే మూడు రింగుల అమరికలో పెద్ద రింగు బరువును మోస్తుంది, దానిలోంచి వచ్చిన రెండోది కొంత తగ్గిస్తుంది, మూడోది ఇంకా తగ్గిస్తుంది. చివర ఒక సన్నని దారపు ఉచ్చు మీద మిగిలేది అసలు బరువులో చిన్న భాగమే. ఆ ఉచ్చును చిన్న సర్వో కూడా సులువుగా విడిపిస్తుంది.

పరీక్ష మాత్రం ఇసుక బస్తాతో చేయండి. పది కిలోల బస్తాను దూలానికి వేలాడదీసి, దాన్ని పక్కకు లాగి ఊపుతూ, అది ఊగుతుండగానే వదిలి చూడండి. నిశ్చలంగా వేలాడే బరువును వదిలి సంతృప్తి పడితే అది పరీక్ష కాదు. ఒక్క కొక్కెంతో విమానాన్ని కడితే అది గాలికి గిరగిరా తిరుగుతుంది కాబట్టి, ముందొకటి వెనకొకటి రెండు చోట్ల పట్టు ఉండాలి, రెండూ ఒకే తీగతో ఒకే క్షణంలో విడిపోవాలి. ఒకటి విడిపోయి రెండోది పట్టుకుంటే రెండు యంత్రాలూ పోతాయి.

సిరొంచ మాస్టారు

ఈ చర్చ చదువుతుంటే మా వైపు అవసరం గుర్తొచ్చింది. ప్రాణహిత, గోదావరి కలిసేచోట మా తాలూకా ఉంది. 2022 జులై వరదలో రోడ్లు మునిగిపోయి ఊళ్లు విడిపోయాయి. అలాంటప్పుడు నది వెంబడి పదుల కిలోమీటర్లు చూసి రావాలంటే మామూలు క్వాడ్‌కాప్టర్ అరగంటకే వెనక్కి వచ్చేస్తుంది. రెక్కల విమానం ఎగరగలదు, కానీ ఎక్కడ దించాలి? పొడిగా మిగిలేది కరకట్ట, బడి మేడ, ఒకటి రెండు ఎత్తైన దిబ్బలు. జయపురం వారికి వాలు సమస్య అయితే మాకు నీళ్లు సమస్య, రెండింటికీ జవాబు ఒకటే అనిపిస్తోంది.

నా ప్రశ్న ఏమిటంటే, వల కట్టి అందులోకి ఎగిరించినా, పారాచూట్ పెట్టినా పని జరగదా? ఇంత పెద్ద ఏర్పాటు ఎందుకు?

బరంపురం ఎంటెక్ విద్యార్థిని

మాస్టారూ, మీ ప్రశ్న సరైనదే. పారాచూట్ గాలివాటుకు కొట్టుకుపోతుంది. వంద మీటర్ల ఎత్తులో విప్పుకుని సెకనుకు ఐదు మీటర్ల చొప్పున దిగితే ఇరవై సెకన్లు పడుతుంది. ఆలోగా సెకనుకు ఆరు మీటర్ల గాలి దాన్ని 120 మీటర్లు లాక్కుపోతుంది, కరకట్ట మీద దిగాల్సింది నదిలో దిగుతుంది. వల మంచిదే, కానీ ప్రొపెల్లరు, తోక, కెమెరా దానిలో చిక్కుకొని విరుగుతాయి. పైగా వలకు రెండు ఎత్తైన గుంజలు కావాలి, విమానం నేలకు దగ్గరగా రావాలి. తాడు పద్ధతిలో విమానం చెట్ల తలల కంటే ఎత్తులోనే ఆగిపోతుంది, దాని బలం అక్కడ ఉంది.

పట్టుకోవడంలో అసలు చిక్కు శక్తి లెక్కలో ఉంది. మూడు కిలోల విమానం సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తే దానిలో దాదాపు 340 జౌళ్ల శక్తి ఉంటుంది. రెండు మీటర్లలో ఆపితే సగటున 17 కిలోల బలంతో లాగినట్టవుతుంది. పది కిలోల మల్టీకాప్టర్‌ను పక్కనుంచి 17 కిలోల బలంతో లాగితే అది తిరగబడుతుంది. కాబట్టి మల్టీకాప్టర్ విమానాన్ని ఆపకూడదు, తాడును నిలబెట్టడం వరకే దాని పని, అది కేవలం గాలిలో పాతిన గుంజ. తాడు కింది కొసను నేల మీద ఒక డ్రమ్ముకు చుట్టి, నాలుగు కిలోల లాగుడు దాటగానే జారేలా ఆ డ్రమ్ముకు బ్రేకు పెట్టాలి. అప్పుడు విమానం తాడును ఎంత బలంగా గుద్దినా మల్టీకాప్టర్‌కు తగిలేది దాదాపు ఆ నాలుగు కిలోలే. విమానం రెండు మీటర్లకు బదులు ఆరేడు మీటర్లలో మెల్లగా ఆగుతుంది, దాని మీద పడే ఒత్తిడి కూడా రెండు జీల (దాని బరువుకు రెండింతల) దగ్గర నిలిచిపోతుంది.

తాడు కింద బిగించి ఉండడంలో ఇంకో లాభం ఉంది. ఊరికే వేలాడే తాడు గాలికి ఊగుతుంది, రెండు కొసలూ పట్టుకున్న తాడు నిటారుగా నిలుస్తుంది. విమానం ఆ తాడు చోటును నమ్మి రావాలి కదా. మామూలు జీపీఎస్‌లో రెండు మూడు మీటర్ల తేడా సహజం, మన విమానం ఒక రెక్క పొడవు 90 సెంటీమీటర్లే. అందుకని నేల మీద ఒక స్థిర కేంద్రంతో సరిచేసే ఆర్‌టీకే అనే జీపీఎస్ పద్ధతి తప్పనిసరి, దాని తేడా సెంటీమీటర్లలో ఉంటుంది.

గాలికి ఎదురుగా రప్పించడం మరిచిపోవద్దు. సెకనుకు ఐదు మీటర్ల ఎదురుగాలి ఉంటే తాడును తాకే వేగం పదికి తగ్గుతుంది, శక్తి 340 నుంచి 150 జౌళ్లకు పడిపోతుంది. ఒక్క దిక్కు ఎంచుకోవడంతోనే సగానికి పైగా భారం తీరిపోతుంది.

జయపురం సర్వేదారు

మీ లెక్కకు ధన్యవాదాలు. నా ఊహలో మల్టీకాప్టర్, విమానం పక్కపక్కనే ఒకే వేగంతో ఎగురుతూ వచ్చి చేతులు కలిపినట్టు కలిసిపోవడం ఉండేది. వేగాల తేడా సున్నా అయితే శక్తి గొడవే ఉండదు కదా, దాన్ని ఎందుకు వదులుకోవాలి?

బరంపురం ఎంటెక్ విద్యార్థిని

రోటర్ల కింది గాలి వల్ల. పది కిలోల మల్టీకాప్టర్‌కు 70 సెంటీమీటర్ల ప్రొపెల్లర్లు నాలుగు ఉంటే, ఒకచోట నిలిచినప్పుడు దాని కింద గాలి సెకనుకు పది మీటర్ల వేగంతో దిగుతుంది. సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తున్న రెక్క ఆ గాలిలోకి దూరితే, గాలి రెక్కను తాకే కోణం ఒక్కసారిగా ముప్పై డిగ్రీలకు పైగా మారిపోతుంది. ముందుకు వెళ్తున్నప్పుడు ఆ ధార వెనక్కి వాలుతుంది, బలం కూడా కొంత తగ్గుతుంది. కానీ విమానం వెనక నుంచి వచ్చి అందుకోవాల్సిన చోటు సరిగ్గా అదే. పెద్ద విమానాలతోనే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా వారి గ్రెమ్లిన్స్ ప్రయోగంలో సీ-130 రవాణా విమానం కింద డ్రోన్‌ను పట్టుకోవడం 2021 అక్టోబరులో గాని సాధ్యపడలేదు. మన పరిధిలో అంత దగ్గరి కలయికకు వెళ్లకపోవడమే మంచిది. ఇరవై పాతిక మీటర్ల తాడు ఉంటే విమానం తాకే చోటికి ఆ గాలి చాలావరకు చెదిరిపోతుంది.

సునాబెడ విశ్రాంత ఉద్యోగి

విద్యార్థిని చెప్పినదానికి విమానం వైపు నుంచి మూడు షరతులు చేరుస్తాను. స్కాన్‌ఈగిల్ రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి, అందువల్ల తాడు రెక్క ముందు అంచును ఎక్కడ తాకినా కొసదాకా జారి కొక్కెంలో పడుతుంది. మీ ఫోమ్ విమానానికి రెక్కలు నేరుగా ఉంటే తాడు జారదు, తాకినచోటే కోసేస్తుంది. ప్రొపెల్లరు ముక్కున ఉంటే తాడును తెంపుతుంది, కనుక వెనుకనే ఉండాలి. అన్నింటికంటే ముఖ్యం రెక్క లోపలి కడ్డీ. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగే బలాన్ని మోస్తుంది, తాడుకు తగిలినప్పుడు వెనక్కి వంగే బలాన్ని మోయాలి. తాడు పైనుంచీ కిందనుంచీ నాలుగేసి కిలోలు లాగి ఎనిమిది కిలోల బలం రెక్క కొసన పడితే రెక్క మొదలు దగ్గర మెలిపెట్టినట్టవుతుంది. ఆ దిశలో ఫోమ్ విమానాలకు సాధారణంగా ఏ బలమూ ఉండదు. కాబట్టి ఉన్న విమానానికి కొక్కెం అతికించడం కాకుండా, వాలు రెక్కలతో, ముందు అంచు వెంబడి కార్బన్ కడ్డీతో వేరే విమానం కట్టుకోవాలి.

మీ జిల్లా ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోండి. కొరాపుట్ పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టం కంటే ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ. మల్టీకాప్టర్ మోసే బలం తగ్గుతుంది, విమానం నిలబడాల్సిన వేగం పెరుగుతుంది. గోపాలపురం సముద్రపు ఒడ్డున పనిచేసిన అమరిక దేవమాలి కొండ పక్కన అదే తీరున పనిచేస్తుందనుకోకూడదు.

రాయగడ డ్రోన్ పైలట్

ఇంత వివరం చదివాక వరద పనికి ఈ పద్ధతి తగినదేనని ఒప్పుకుంటున్నాను, తోటల పటానికి మాత్రం నా మాట మీదే ఉన్నాను. నిబంధనల సంగతి ఒకటి గుర్తుచేస్తాను. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెండు కిలోలు దాటి 25 కిలోల వరకు చిన్న తరగతి. మల్టీకాప్టర్, విమానం కలిపి పదమూడు కిలోలైనా ఆ తరగతిలోనే ఉంటాయి. గ్రీన్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరగల ఎత్తు 120 మీటర్లు, కనుక వంద మీటర్ల దగ్గర వదిలితే దూకడానికి కావాల్సిన నలభై మీటర్లు అందులోనే సరిపోతాయి. జయపురం విమానాశ్రయం చుట్టుపక్కల హద్దులు వేరుగా ఉంటాయి, ప్రభుత్వం వారి డిజిటల్ స్కై గగనతల పటం చూడకుండా పెట్టె తెరవకండి. కంటిచూపు దాటి ఎగరేయడానికి వేరే అనుమతి కావాలి. మాస్టారు చెప్పిన నది సర్వే దానికిందికే వస్తుంది కాబట్టి జిల్లా యంత్రాంగంతో కలిసి చేయాల్సిన పని అది.

సిరొంచ మాస్టారు

మరి మొదటిసారి తాడు తగలకపోతే? వరదలో రెండో అవకాశం ఉంటుందో లేదో అన్నది నా భయం.

సునాబెడ విశ్రాంత ఉద్యోగి

ఉంటుంది మాస్టారూ, తాడు పద్ధతిలో నాకు బాగా నచ్చిన గుణం అదే. విమానం తాడు పక్కనుంచి పూర్తి వేగంతో వెళ్తుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. తగలకపోతే అలాగే పైకి లేచి చుట్టు తిరిగి వస్తుంది. అందుకు తాడు వెనుక వైపు రెండు వందల మీటర్ల దాకా చెట్టు గాని, తీగ గాని లేని దారి ఎంచుకోవాలి, కరకట్ట మీద అయితే నది వైపుకే తిప్పాలి. వేచి ఉండగలిగే సమయం విమానానికి కాదు, మల్టీకాప్టర్‌కు తక్కువ. తాడు పట్టుకొని నిలిచిన మల్టీకాప్టర్ బ్యాటరీ పది పదిహేను నిమిషాలకు మించి రాదు, ఆపైన విమానం తగులుకున్నాక దాని బరువుతో మెల్లగా దిగడానికి కూడా శక్తి మిగలాలి. కాబట్టి విమానం రెండు కిలోమీటర్ల దూరంలోకి వచ్చాకే మల్టీకాప్టర్‌ను లేపండి, మూడు ప్రయత్నాల్లో తగలకపోతే దాన్ని దించి బ్యాటరీ మార్చి మళ్లీ లేపండి, ఆలోగా విమానాన్ని పైన గుండ్రంగా తిరగనివ్వండి. జయపురం వారు వాలు రెక్కల విమానం కట్టడం మొదలుపెడితే రెక్క కడ్డీ కొలతలు ఇక్కడ పెట్టండి, వెనక్కి వంగే బలానికి అది చాలుతుందో లేదో లెక్కవేసి చెబుతాను.